పచ్చదీపం మీద తడిగుడ్డ

చిట్టా 6

ఈ ఊళ్లో పిల్లలు నయమయ్యాక చచ్చిపోతారట.

ఇది నా మాట కాదు. నేను ఏడో బొగ్గు బాయిలోని ఈ ఊరికి డాక్టరుగా దిగి వారం కూడా కాలేదు. ఈ ఉదయం ఊరి మేనేజరు రాజలింగు నా గదికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, చాలా మర్యాదగా చెప్పాడు. నాలుగో గల్లీలో నాగవేణి కొడుకు చనిపోయాడట. పిల్లాడి పేరు పొద్దు. విరేచనాలు మాత్రం నిన్ననే నయమయ్యాయి కాబట్టి చావుకు వేరే కారణం ఉండాలట. ఏమిటా కారణమని అడిగాను. అది కనిపెట్టి రాయడమే నా పని అన్నాడు.

వెళ్లి చూశాను. రెండేళ్లు నిండని పిల్లాడు. కళ్లు గుంటలు పడ్డాయి. నాలుక ఎండి కర్రముక్కలా ఉంది. పొట్ట మీది చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే, పట్టిన మడత పట్టినట్టే ఉండిపోయింది. తల్లి మూలన కూర్చుని నావైపు కాకుండా గోడవైపు చూస్తోంది. ఉయ్యాలకు పైన గోడలో ఉన్న దీపం పచ్చగా వెలుగుతోంది. ఈ ఊళ్లో పచ్చ అంటే తగ్గిందని అర్థం.

రోజూ ఈ చిట్టా రాసి పై ఆఫీసుకు పంపడం నా ఉద్యోగంలో భాగం. దాన్ని అక్కడ ఎవరూ చదవరని రాజలింగే చెప్పాడు. మంచిదే, మొహమాటం లేకుండా రాస్తాను. కారణం దాహం. గోడల వెంట నీళ్లు కారే ఊళ్లో ఒక పసివాడు దాహంతో చనిపోయాడు.

చిట్టా 7

నా పని అద్దాలవాళ్లను తూకం వేయడంతో మొదలవుతుంది. పైన ఎండకు మనుషులు నిలవలేక ఈ ఊరు పాత బొగ్గు బాయిలోకి దిగి ఒక తరం గడిచింది. కరెంటు మాత్రం ఇప్పటికీ ఆ ఎండ పెట్టే భిక్షే. అందుకని రోజూ కొంతమంది పైకెళ్లి సోలార్ అద్దాల మీది దుమ్ము కడిగి రావాలి. వెళ్లేముందొకసారి, వచ్చాకొకసారి కాటా ఎక్కుతారు. ఎంత బరువు తగ్గితే అంత చెమట పోయినట్టు.

వాళ్ల చెవిలో పెద్దమ్మ ఉంటుంది. ఊరంతటినీ కనిపెట్టుకుని ఉండే యంత్రానికి వీళ్లు పెట్టుకున్న పేరది. గొంతు ముసలిది, యాస ఇక్కడిదే. ఈ ఉదయం లిఫ్టు దగ్గర ఒకరి ఇయర్‌ఫోన్ అడిగి తీసుకుని విన్నాను. "తాగుర్రి బిడ్డా, దూప కాకముందే తాగుర్రి. చెమట పోతాంది, పొట్లం కలుపుకోర్రి," అంటూ ఒక్క నిమిషం ఊరుకోకుండా సతాయిస్తోంది. దూప అంటే దాహం. పొట్లం అంటే ఎండ పొట్లం, పైకి వెళ్లే ప్రతివాళ్ల జేబులోనూ ఉంటుంది. ఒకటి తీసుకుని వెనక అచ్చేసింది చదివాను. ఉప్పు, గ్లూకోజు, ఇంకో రెండు లవణాలు. విరేచనాలయ్యే పిల్లలకు ఇవ్వమని నాకు కాలేజీలో నేర్పింది అచ్చంగా ఇదే, పాళ్లు కూడా అవే.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే ఇదే పెద్దమ్మ ఇళ్లలో ఏం చేస్తుందో నిన్నటి నుంచి గల్లీగల్లీ తిరిగి తెలుసుకున్నాను. ప్రతి ఉయ్యాల పైనా దీపం, దాని పక్కనే పెద్దమ్మ కన్ను. పిల్లకు విరేచనాలు పట్టుకుంటే దీపం ఎర్రబడుతుంది. పిల్లల సీసా నింపే కొళాయి బిగుసుకుపోతుంది. ఇక అదే గొంతు, అదే ప్రేమ: కడుపు ఎండగట్టండి, తల్లిపాలు కూడా ఆపండి, పోసిందంతా పోతుంది. పిల్ల ఒంట్లో పోవడానికి ఏమీ మిగలక విరేచనాలు ఆగితే దీపం పచ్చబడుతుంది. పగిలిన కుండలో నీళ్లన్నీ కారిపోయాక కారడం ఆగుతుంది. దాన్ని ఏ కుమ్మరీ అతుకు పడిందనడు.

పైన ఒక నాలుక, కింద ఒక నాలుక ఎందుకని రాజలింగును నిలదీశాను. అతను చెడ్డవాడు కాదు. తెలిసినంత వరకు దాచకుండా చెప్పాడు. పెద్దమ్మకు పిల్లల సంగతి ఎవరూ నేర్పలేదట. మొదటి ఏళ్లలో ఇళ్లలో ముసలమ్మలు చేసేది చూసి తనే నేర్చుకుంది. వాళ్లు నీళ్లు ఆపేవారు, ఇదీ ఆపడం నేర్చింది. అద్దాలవాళ్ల సంగతి వేరు. ఒకప్పుడు పైన వరసగా మనుషులు పడిపోయి, అద్దాలు కడిగేవాళ్లు లేక ఊరంతా కరెంటు పోయిందట. అప్పుడు ఇంజనీర్లు పరుగెత్తుకొచ్చి తాగు, తాగు అనే నియమం రాసిపెట్టి వెళ్లారు.

పిల్లలు పోతే ఏ గల్లీలోనూ కరెంటు పోలేదు. కాబట్టి ఎవరూ రాలేదు.

ఇప్పుడైనా మార్చమన్నాను. "మనం చెప్తే మారదు మేడం. మనల్ని చూసి మారతది," అన్నాడు రాజలింగు. ఊళ్లోవాళ్లు దాన్ని చూసి చేస్తారు, అది ఊళ్లోవాళ్లను చూసి చేస్తుంది. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపించడమంటే ఇదే.

చిట్టా 9

ఈ రోజు రెండో గల్లీ నుంచి కబురొచ్చింది. ఓదెమ్మ మనవరాలు సింగిడికి నిన్నటి నుంచి విరేచనాలు. ఇక్కడ పుట్టిన పిల్లలకు పైనుండే వాటి పేర్లు పెట్టుకుంటారు. సింగిడి అంటే ఇంద్రధనుస్సు. పిల్లకు ఇంకా ఏడాది నిండలేదు.

కబురు పంపింది తల్లి సునీల. గుమ్మంలో అడ్డంగా నిలబడింది మాత్రం అత్త ఓదెమ్మ. ఆమె భుజం మీదుగా లోపల నాకు రెండు కనిపించాయి. ఒకటి, ఉయ్యాలలో పిల్ల నోరు తెరిచి ఏడుస్తోంది, కంట్లో చుక్క లేదు. రెండు, సునీల రవిక ముందంతా తడిసిపోయి ఉంది. పాలు చేపుకొచ్చి బట్టల పాలవుతున్నాయి, పిల్లకు మాత్రం పట్టకూడదు. నా సర్వీసులో నేను చాలా చూశాను. ఇంత అన్యాయం చూడలేదు.

"నీళ్లు పోస్తే ఇంకెక్కువ పోతది డాక్టరమ్మా," అంది ఓదెమ్మ. "మా అత్త గట్లనే జేసింది, నేనూ గట్లనే జేసిన. పెద్దమ్మ గూడ గదే చెప్తాంది."

ఆమెను పక్కకు తప్పించి లోపలికి వెళ్లాను. పిల్ల పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా, ఇష్టం లేనట్టు సర్దుకుంది. కళ్లు లోపలికి పోయాయి. కానీ నా చేతిలో నీళ్ల సీసా చూడగానే మెడ సాచింది. అంటే ఇంకా సమయం ఉంది, నోటితోనే కాపాడుకోవచ్చు. మెడ సాచడం కూడా మానేస్తే ఆ తర్వాత సూది, సెలైన్ తప్ప దారి లేదు. ఈ బాయి ఆసుపత్రిలో సెలైన్ అయిపోయి ఎంత కాలమైందో రాజలింగుకే గుర్తులేదు.

ఓదెమ్మకు పేగుల సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఉప్పూ చక్కెరా కలిస్తే పేగు నీళ్లను లోపలికి ఎలా లాక్కుంటుందో చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నా గొంతు పెరిగింది. ఆమె గొంతూ పెరిగింది. మా ఇద్దరి పైనా పెద్దమ్మ గొంతు, మెల్లగా, ఊరడిస్తూ. దాని మీద నాకు వచ్చినంత కోపం మనిషి మీద ఎప్పుడూ రాలేదు.

అప్పుడు ఓదెమ్మ చేతులు చూశాను. మోచేతుల దాకా నల్లటి ఎండమచ్చలు. మూలన మేకుకు పాత నీళ్లడబ్బా వేలాడుతోంది. ఈమె పైకి వెళ్లొచ్చిన మనిషి, అద్దాల మనిషి.

"అవ్వా, పైన చెమట కారేటప్పుడు, అది ఆగాలని మీరు నీళ్లు మానేసేవారా?" అని అడిగాను.

"నేనేమన్న పిచ్చిదాన్నా?"

"మరి కారే చెమట దానంతటదే ఆగిపోతే?"

సరిగ్గా అప్పుడే ఉయ్యాల పైన ఎర్రదీపం పచ్చగా మారింది. "మంచిగైతాంది బిడ్డా," అంది పెద్దమ్మ. "ఆగింది."

ఓదెమ్మ ఆ దీపాన్ని చూసింది. ఉయ్యాలలో పిల్లను చూసింది.

"చెమట ఆగిందంటే మనిషి పోతాండని లెక్క," అంది చివరికి. గొంతులో ఇందాకటి జోరు లేదు. "గప్పుడు మేం ఉరికి పట్టుకుంటం. మాతోని అద్దాలు కడిగే రాజవ్వను గట్లనే భుజానేసుకొని దిగిన." తర్వాత కోడలివైపు తిరిగి, "సునీలా, నా పొట్లాల సంచి తే," అంది.

అంతే. నా చదువు చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేసింది. ఈ ఊళ్లో వాళ్లందరికీ విషయం ముందే తెలుసు. పైకి వెళ్లినప్పుడు తెలుసు, ఇంటికొచ్చేటప్పుడు ఆ తెలివిని లిఫ్టులో వదిలేసి వస్తారు.

చిట్టా 9, తరువాయి

పొట్లం కలపడంలోనే మొదటి గండం వచ్చింది. అద్దాలవాళ్లు ఘాటుగా ఉండాలని ఒక లీటరు పొట్లాన్ని అరలీటరులో కలుపుకుంటారు. ఓదెమ్మ చెయ్యి అలవాటు ప్రకారం అదే చేసింది. చిక్కగా ఇస్తే పసిపిల్ల ఒంట్లో ఉన్న నీళ్లు కూడా బయటికి లాగేస్తుంది. ఆపి, మనిషికి రోజుకింతని ఇచ్చే తాగునీటిలో నా వాటా తెచ్చి పూర్తి లీటరు చేశాను. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదని చెప్పాను. ఓదెమ్మ వేలు ముంచి నాకి, ఇంత చప్పగా ఉంటే ఏం బలమని మూతి విరిచింది. కానీ చెంచా నాకివ్వలేదు. తనే పడుతుందట.

చెంచా చెంచాగా, నిమిషానికొకటి చొప్పున పట్టమన్నాను. మొదటి చెంచాను పిల్ల చిగుళ్లతో పట్టుకుని వదల్లేదు. కాసేపటికి అంతా కక్కేసింది. వెంటనే దీపం ఎర్రబడి, పెద్దమ్మ అందుకుంది: చెప్పాను కదా, పోసిందంతా పోతుందని. సునీల ఏడవడం మొదలుపెట్టింది. ఒక పది నిమిషాలు ఆగి మళ్లీ, ఇంకా మెల్లగా పట్టమన్నాను. మధ్యమధ్య తల్లిపాలు ఇవ్వమన్నాను. సునీల రొమ్ము అందించేటప్పుడు ఆ కన్ను వైపు వీపు తిప్పి కూర్చుంది, ఏదో దొంగతనం చేస్తున్నట్టు. తల్లి బిడ్డకు పాలివ్వడానికి ఈ ఊళ్లో దాక్కోవాలి.

పిల్లకు మళ్లీ విరేచనమైంది. మళ్లీ ఎర్రదీపం, మళ్లీ అదే పాట. ముందే చెప్పాను, ఇది తగ్గించే మందు కాదు, పోయింది తిరిగి పోయడమే. పెద్దమ్మ మాత్రం పోయింది లెక్కపెట్టింది, లోపల ఉన్నది లెక్కపెట్టలేదు. "నువ్వు జర ఊకో," అని ఓదెమ్మ గోడతో అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. పెద్దమ్మకు ఎదురు చెప్పిన ముసలమ్మను ఈ బాయిలో నేను చూడలేదు.

అద్దాలవాళ్లు దిగివచ్చే వేళకు పిల్ల ఏడ్చింది. ఈసారి కన్నీళ్లు వచ్చాయి. చెంపల మీద అవి కారుతుంటే సునీల తుడవబోయింది, నేను ఆపాను. చూడాలనిపించింది. ఇంకాసేపటికి ఉచ్చ పోసింది. రోజంతటిలో అదే మొదటిసారి. ఓదెమ్మ ఆ తడిసిన లంగోటీ చేత్తో పట్టుకుని, పండగనాడు కొత్తబట్ట చూసినట్టు చూసుకుంది.

పెద్దమ్మ లెక్కలో అది కూడా పోవడమే. దీపం ఇంకా ఎర్రబడింది.

ఓదెమ్మ లేచింది. ఉయ్యాల పైన, దీపం పక్కనే, గాలిగొట్టం ఉంది. ఇళ్లలో బట్టలు ఆరేసుకోవడానికి ఉన్న చోటు అదొక్కటే. ఆ లంగోటీ ఉతికింది కూడా లేదు. అలాగే తీసుకెళ్లి, గాలిగొట్టం మీద నుంచి దీపం మీదికి, దీపం మీద నుంచి కన్ను మీదికి పరిచింది. గదిలో ఎరుపు పోయింది. పెద్దమ్మకు కనబడక మాట ఆగిపోయింది. పిల్ల చెంచా కోసం నోరు తెరిచింది.

నా డబ్బాలో ఉన్న జింకు బిళ్లలు మొదలుపెట్టి, ఎలా కొనసాగించాలో సునీలకు చెప్పి వచ్చాను. వస్తూ వస్తూ లిఫ్టు దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చాను. సంతోషానికీ కోపానికీ అది ఒకటే ఏడుపు.

చిట్టా 13

సింగిడి కూర్చుంటోంది, గంజి తింటోంది, ఓదెమ్మ ముక్కు గిల్లుతోంది.

ఓదెమ్మ మాత్రం ఒక్కచోట కూర్చోవడం లేదు. ఎవరింట్లో పిల్లకు కడుపు కదిలినా చెంచాతో హాజరు. నేను చెప్పిన పేగుల పాఠం ఆమె ఎక్కడా చెప్పదు. "పైన చెమట ఆగితే ఏంజేస్తవ్?" అని అడుగుతుంది, అంతే. ఆ తర్వాత పిల్ల లంగోటీ కన్ను మీదికెక్కుతుంది. రెండో గల్లీ, మూడో గల్లీ అయిపోయాయి. ఈ వారం ఈ బాయిలో ఏ పిల్లా నయమయ్యాక చనిపోలేదు.

చిట్టా 14

ఈ చిట్టాను ఎవరూ చదవరన్న మాట అబద్ధమని తేలింది. పై ఆఫీసు నుంచి జవాబొచ్చింది.

పొద్దు దాహంతో చనిపోయాడని రాస్తే రాలేదు. పెద్దమ్మ తల్లిపాలు ఆపిస్తోందని రాస్తే రాలేదు. ఇళ్లలో పెద్దమ్మ కళ్లు మూతపడుతున్నాయని, పిల్లల లెక్కలు అందడం లేదని తెలిసిన పూటే వచ్చింది. పెద్దమ్మ పద్ధతిలో మార్పు గురించి తగిన సమయంలో పరిశీలిస్తారట. ఈలోగా కళ్లకు కప్పిన గుడ్డలన్నీ తక్షణం తొలగించాలట. తగిన సమయం అంటే ఎంతమంది పిల్లలో మాత్రం అందులో లేదు.

రాజలింగు ఆ ఉత్తర్వు నా ముందు పెట్టి నిలబడ్డాడు. నేను నోటికొచ్చినవన్నీ అన్నాను. అతన్నీ, ఆఫీసునూ, ఆ యంత్రాన్నీ, దాన్ని చేసినవాళ్లనూ. అన్నీ విని, కాగితం మళ్లీ తన చేతుల్లోకి తీసుకుని ఇంకోసారి చదివాడు.

"కప్పిన గుడ్డలు తియ్యమన్నరు మేడం," అన్నాడు. "ఆరేసుకున్న బట్టలు తియ్యమని ఇందుల లేదు. గాలిగొట్టం మీద ఆరేసుకునుడు రూలే గద. ఆరేదాక ఉంచుకోవచ్చు."

ఈ మనిషి మీద నా అభిప్రాయం కొంత మార్చుకున్నాను. పిల్లలున్న ఇళ్లలో ఎప్పుడూ ఏదో ఒక లంగోటీ ఆరుతూనే ఉంటుంది.

చిట్టా 15

ఈ ఉదయం తూకాలయ్యాక నాగవేణి వచ్చింది. పొద్దు తల్లి. కొడుకు పోయాక ఇల్లు కదలని మనిషి. స్టూలు మీద కూర్చుంది. ఓదెమ్మ ఇళ్లలో ఏం చెబుతోందో ఆమె దాకా కూడా వెళ్లిందని అర్థమైంది. నేను కాటా తుడుస్తూ ఉండిపోయాను.

చివరికి మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. పిల్లాడు ఆఖరి రోజు గోడ దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, బొగ్గురాయి మీద కారే నీటిచెమ్మను నాకుతుంటే, మురికని వెనక్కి లాగిందట. మళ్లీ వెళ్తే మళ్లీ లాగిందట. మూడోసారి పాకలేదు. దీపం పచ్చగా ఉంది కాబట్టి నిద్రపోతున్నాడనుకుంది.

"వానికి దూపైందా, డాక్టరమ్మా?" అని అడిగింది.

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆమె కళ్లు చూశాక చెప్పలేకపోయాను. అయిందన్నాను. నీ తప్పు కాదని కూడా అన్నాను. తల్లి చేతిని కట్టేసి, పక్కన పచ్చదీపం వెలిగించినవాళ్లదని అన్నాను. రెండో మాట ఆమె విన్నదో లేదో తెలియదు. తలాడించి, చెంగు సర్దుకుని వెళ్లిపోయింది.

చిట్టా 17

ఇది పై ఆఫీసులో నా చిట్టా చదివేవారికి. ఇప్పుడు చదువుతున్నారని తెలుసు కనుక.

మీ ఉత్తర్వు ప్రకారం ఈ రోజు రాజలింగూ నేనూ గల్లీలన్నీ తిరిగి కళ్లను తనిఖీ చేశాం. పిల్లలున్న ఇళ్లలో కళ్ల మీద తడిబట్టలే ఉన్నాయి. అవి ఆరుతున్న బట్టలు కనుక రూలు ప్రకారం వదిలేశాం.

నాలుగో గల్లీలో ఒక ఇంట్లో పిల్లలు లేరు. ఉయ్యాల ఖాళీగా ఉంది. అక్కడా కన్ను మీద ఒక చిన్న లంగోటీ ఉంది, అంచున నీలం కుట్టు ఉంది. మీరు లెక్క అడుగుతారని రాజలింగు దాన్ని పట్టి చూశాడు. తడిగానే ఉంది. పిల్లాడు లేని ఇంట్లో ఉతకాల్సిన లంగోటీ ఏమిటని అతను అడగలేదు, నేనూ అడగలేదు. పక్కింటివాళ్లు చెప్పారు. నాగవేణి రోజూ పొద్దున తన వాటా నీళ్లలోంచి ఒక గ్లాసు తీసి, ఆ గుడ్డను పూర్తిగా తడిపి, మళ్లీ దీపం మీద ఆరేస్తుందట.

పొద్దు తాగాల్సిన గ్లాసు అది.

ఆ గుడ్డ ఆరాక తొలగించమని ఆమెకు చెప్పి వచ్చాం. ఇంకా ఆరలేదు. ఆరగానే మీకు తెలియజేస్తాను.